రోజుకు పన్నెండు అక్షరాలు

నమోదు 4107. సోమవారం, పొద్దుపొడుపు.
విన్నది: గాలి ఎక్కువ. వల చిరిగింది.
పంపింది: మోకాలు నొప్పి. ఎండ ఎక్కువ.

పైన రాసిన మోకాలు నాది కాదని మొదటే మనవి చేసుకుంటున్నాను. నా మోకాళ్ళకు ఇరవై మూడేళ్ళు, నిక్షేపంగా ఉన్నాయి. ఆ మోకాలు మా పెదనాయన దస్తగిరిది. ఆయన పోయి అయిదు నెలలైంది. మోకాలు మాత్రం రోజు విడిచి రోజు నొప్పి పెడుతూనే ఉంది. ఆ బాధ్యత నేను స్వీకరించాను.

అసలు లాగ్‌బుక్ పలకల మీద ఉంటుంది. మార్కాపురంలో కాగితానికి కరువు గానీ పలకలకు ఎప్పుడూ లేదు. తనిఖీకి కేంద్రం నుంచి ఎవరైనా వస్తే చూపించేది అదే. ఇది దొంగ లాగ్‌బుక్. నా డిగ్రీ మూడో ఏడు ఫిజిక్స్ జవాబు పత్రాల వెనకవైపు రాస్తున్నాను. ముందువైపు కంటే వెనకవైపే నిజాలు ఎక్కువున్నాయని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది.

నిబంధన పదకొండు: స్టేషను యజమాని పేరు మీద ఉంటుంది, యజమానితోనే పోతుంది. తీగ దించేస్తారు, కాయిల్ పట్టుకుపోతారు. ఊరి పేరు రోజూ గాల్లో వినిపించకపోతే నీళ్ళ బండ్ల జాబితాలోంచి ఊరినే కొట్టేస్తారు. అందుకని పెదనాయన జనాజాకు ఊరంతా వచ్చింది, వచ్చినవాళ్ళంతా నోళ్ళు మూసుకుని ఇళ్ళకు వెళ్ళారు. ఆయన చనిపోయిన సంగతి రేడియోకు తప్ప అందరికీ తెలుసు.

రేడియోకు, కొత్తపట్నం నాగూరమ్మకు.

ఆమెది సముద్రపు ఒడ్డు స్టేషను. పదకొండేళ్ళుగా ఆయనా ఆమే ప్రతి పొద్దుటా మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్నారంటే పెద్ద మాట. ఆకాశం చిరిగిపోయాక పొట్టి తరంగాలు పనికిరాకుండా పోయాయి; నేలను పట్టుకుని పాకే పొడుగు తరంగాలే దిక్కు. ఆ రొదలో ఒక్కో చుక్కకు మీటను నిమిషం పాటు నొక్కి ఉంచితేగానీ అవతలి మిషన్లో పెన్ను కాగితం మీద గీత గీయదు. మొదట ఆమె, తర్వాత మేం. ఎండ ముదిరి రొద కమ్మేసేలోపు ఊరి పేరు పోను మనిషికి మిగిలేవి పన్నెండు అక్షరాలు. వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఫొటో కూడా లేదు.

ఇక ఈరోజు పనులు. తీగకు కట్టిన పలక బిళ్ళలు తుడిచాను. నీళ్ళ డ్రమ్ముకు చుట్టిన కాయిల్‌ను కర్రతో తిప్పి శ్రుతి చేశాను. ఎర్త్ గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేసి బిందెడు నీళ్ళు పోస్తుంటే వార్డు నీళ్ళు పంచే వలీ మామ గోడ మీదుగా తల పెట్టాడు.

"మనుషులకు మూడు బిందెలు, గుంటకు ఒక బిందె. ఆ గుంటకు రేషన్ కార్డు ఎవరిచ్చారమ్మే?"

"అది తాగకపోతే నీ బండ్లు రావు మామా."

"మీ పెదనాయన చెంబుతో సరిపెట్టేవోడు."

"ఆయన మోకాలు నొప్పితో బిందె మొయ్యలేకపోయాడు. నేను మొయ్యగలను. అభివృద్ధి అంటే ఇదే."

మామ నవ్వాడు. అప్పుడే నా చూపు తీగ మీద పడింది. క్వారీ క్రేన్ నుంచి మా మిద్దె దాకా సాగిన ఆ పవిత్ర తీగ మీద గళ్ళ లుంగీ ఒకటి నీళ్ళు కారుతూ వేలాడుతోంది.

"ఎవరిది మామా అది?"

"...గాలికొచ్చింటది."

గాలి లుంగీని ఉతికి, పిండి, క్లిప్పు పెట్టదు. పెరట్లో పెదనాయన తన చేతుల్తో కట్టిన దండెం ఉంది. పక్కనే పలక మీద ఆయన రాసిన బోర్డు కూడా ఉంది: తీగ మీద తడి బట్టలు వెయ్యరాదు, శ్రుతి చస్తుంది. చూపించాను. మామ ఎంతో గంభీరంగా చదివి, తన లుంగీని తానే అరెస్టు చేసి తీసుకుపోయాడు.

నమోదు 4108. మంగళవారం.
విన్నది: గిద్దలూరు. ఈరోజు పెళ్ళి. అందరూ రండి. (పక్కన సున్నా చుట్టాను.)
పంపింది: మోకాలు పరవాలేదు.

గిద్దలూరు స్టేషను మూడేళ్ళ కిందట మూతపడింది. మాట ముందున్న తేదీ చూస్తే అదీ మూడేళ్ళ కిందటిదే. ఇలాంటివాటిని పెదనాయన పాతగాలి అనేవాడు. చిరిగిన ఆకాశం కొన్ని మాటల్ని ఎక్కడో దాచుకుని, తనకు తోచినప్పుడు తిరిగి ఇస్తుంది. ఎందుకో ఎవరికీ తెలీదు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే నేను 'వివరించుము' దగ్గరే ఆగిపోతాను.

నిబంధన పన్నెండు: పాతగాలి వినిపిస్తే రాసుకుని, పక్కన సున్నా చుట్టాలి. జవాబు ఇవ్వరాదు.

పెన్ను వణుకుతూ 'అందరూ రండి' అని గీసినంతసేపూ మెడ వెనక ఎవరో ఊదినట్టు ఉంది. పెళ్ళి భోజనాలకు మూడేళ్ళు ఆలస్యంగా పిలుపు అందుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. ఆ పెళ్ళికూతురు ఇప్పుడు ఎక్కడుందో, అసలుందో లేదో.

తేదీ ఉంది గనక పాతదని తెలిసింది. పెదనాయన, నాగూరమ్మల మాటలకు ఆ సౌకర్యం లేదు. తేదీకి రెండు అక్షరాలు పోతాయి. పన్నెండులో రెండు! ఆ రెండూ మిగిలితే 'చేప' అనొచ్చు, 'వాన' అనొచ్చు. మొదటి నెలలోనే ఇద్దరూ తేదీ మానేశారు. నిబంధన ఎంత ముఖ్యమైనా వానకంటే కాదు కదా.

నమోదు 4109. బుధవారం.
విన్నది: వస్తాను.
పంపింది: లేదు.

మళ్ళీ రాస్తున్నాను, ఒకవేళ నేను తప్పు చదివానేమోనని. వ. స్తా. ను. మూడే అక్షరాలు. తర్వాత గీత తిన్నగా సాగిపోయింది. మిగిలిన తొమ్మిదీ వాడుకోలేదు. పదకొండేళ్ళలో ఒక్క అక్షరం వృథా చెయ్యని మనిషి తొమ్మిది వదిలేసింది.

నాగూరమ్మ వస్తోంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఒంగోలు దాకా ఉప్పునీళ్ళు. ఇవతల పొదిలి దాకా నీడ లేని నేల, తాగడానికి చుక్క దొరకదు. అంతా దాటి వచ్చి తలుపు కొడుతుంది. నేను తీస్తాను. 'దస్తగిరి ఏడీ' అంటుంది.

నా వంతు వచ్చింది. వేళ్ళు మడిచి లెక్క వేశాను. 'దస్తగిరి చనిపోయాడు'. తొమ్మిది అక్షరాలు. ఇంకా మూడు మిగుల్తాయి. 'క్షమించు' అనడానికి సరిగ్గా సరిపోతాయి. ఇన్నాళ్ళూ పన్నెండక్షరాల్లో ఇమడదు కాబట్టే చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఇమిడింది. చెయ్యి మాత్రం మీట మీదికి పోలేదు. కేంద్రం వింటుందని భయం ఒకటి. రెండోది, ఆ మాట ఆమె ఇంట్లో ఒక్కొక్క నిమిషంగా, గంటన్నర పాటు గీసుకుంటూ పోతుంది. 'దస్తగిరి చ' దగ్గరే ఆమెకు తెలిసిపోతుంది. తెలిశాక కూడా పెన్ను ఆగదు.

టైము అయిపోయింది. ఏమీ పంపలేదు.

గోడకు ఒక కాలిపోయిన ట్యూబ్‌లైటు వేలాడుతుంటుంది. పంపేటప్పుడు తీగ కింద అది దానంతటదే వెలుగుతుంది, ఏ వైరూ లేకుండా. చచ్చినదాన్ని కూర్చోబెట్టి పని చేయించడం ఈ ఇంటి పద్ధతి అనేవాడు పెదనాయన. ఈరోజు అది చీకటిగా నన్నే చూస్తున్నట్టుంది.

నమోదు 4110. గురువారం.
విన్నది: వల కుట్టాను. ఎండుచేపలున్నాయి.
పంపింది: రావద్దు. దారి బాగాలేదు.

సామాను సర్దుకుంటోంది. లేకపోతే ఎండుచేపల ప్రస్తావన ఎందుకు? దారిలోకి.

పంపేశాను. పెదనాయన పేరు మీద, ఆయన మీటతో, ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన్ని చూడాలనుకున్న ఒకే ఒక్క మనిషిని రావద్దన్నాను. ట్యూబ్‌లైటు నిమిషం వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. గోడ మీద నా నీడ పడుతూ లేస్తూ ఉంది. ఒక్కోసారి ఆ నీడ నాకంటే లావుగా కనిపించింది. లాంతరు తప్పని రాసుకున్నాను. లాంతరు వెలిగించలేదని తర్వాత గుర్తొచ్చింది.

నమోదు 4111. శుక్రవారం.
విన్నది: లేదు.
పంపింది: ఉన్నావా.

నమోదు 4112. శనివారం.
విన్నది: లేదు.
పంపింది: ఉన్నావా. చెప్పు.

తీగ చూశాను. లుంగీలు లేవు. కాయిల్ బాగుంది. గొయ్యికి రెండు బిందెలు పోశాను. లోపం ఇటువైపు లేదు.

అంటే బయల్దేరింది.

వలీ మామకు చెప్పాను. ఆయన ఎప్పుడూ చేసే జోకు చెయ్యలేదు.

"ముసలామె నడిచి వస్తదా? పిచ్చిదానా, వద్దని గట్టిగా చెప్పలేకపోయినావా?"

"చెప్పాను మామా. తొమ్మిది అక్షరాల్లో."

"బండి కడతా. పొదిలి చౌరస్తాలో కూచుంటా. వస్తే అటే రావాల." నీళ్ళ పీపా ఎక్కిస్తూ తిరిగి చూశాడు. "వచ్చినాక ఏం చెప్తావో అది చూసుకో. అది నా వల్ల కాదు."

చెప్పే మాటలు సాధన చేశాను, అద్దం ముందు. అక్షరాల పరిమితి లేకపోతే నాకు మాటే రావట్లేదు.

నమోదు 4116. బుధవారం.
విన్నది: లేదు. ఆరో రోజు.
పంపింది: ఊరి పేరు ఒక్కటే.

వలీ మామ తిరిగి రాలేదు. పలకల గూట్లోంచి చప్పుడు వచ్చింది. వెళ్ళి చూస్తే పదకొండేళ్ళ పలకలు ఒకదాని మీద ఒకటి, కదలకుండా ఉన్నాయి. అయిదు నెలలుగా వాటిని ముట్టుకోలేదు. చదివితే ఆయన గొంతు వినిపిస్తుందని. నేను శాస్త్రం చదువుకున్న దాన్ని, పలకలకు గొంతుండదు. కాబట్టి ముట్టుకోలేదు.

నమోదు 4117. గురువారం.
విన్నది: తలుపు చప్పుడు.

నిబంధనల్లో దీనికి కాలమ్ లేదు.

తలుపు తీశాను. వలీ మామ, పక్కన ఒక ఆడమనిషి. నలభై దాటి ఉండవు. మొహం ఎండకు కమిలిపోయింది, నెత్తి మీద గోనెసంచి, చంకలో గుడ్డ చుట్టిన నోటుపుస్తకం. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఏమ్మే, దస్తగిరి ఏడీ?"

నేను నోరు తెరిచాను. అద్దం ముందు సాధన చేసినదంతా పోయింది.

"ఆయన లేరు. అయిదు నెలలైంది. నేను ఆయన తమ్ముడి కూతుర్ని, కాశింబీని. రోజూ పంపేది నేనే." గబగబా అన్నాను. "నాగూరమ్మ గారెక్కడ? దారిలో ఏమన్నా..."

ఆమె సంచి దించింది. గడప మీద కూలబడింది. కాసేపు నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది.

"మా అత్త పోయి ఏడాదిన్నర. తుపానుకు. నేను ఆదెమ్మని, కోడల్ని. మాకాడ మటుకు నిబంధన లేదనుకున్నావా? స్టేషన్ పోతే పడవలకు తుపాను కబురు ఎవురు చెప్తారు? అందుకే నేనే కూచున్నా."

వలీ మామ నన్ను చూసి, ఆమెను చూసి, మెల్లగా టోపీ తీశాడు. "అంటే ఏడాదిన్నర నుంచి..."

"మొదట ఏడాది మీ పెదనాయన నాతో మాట్లాడినాడు, నేను అత్తననుకోని. తర్వాత అయిదు నెలలు నీతో నేను." ఆదెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒకటి చెప్తా. నేను కూచున్న రెండో రోజే ఆయన 'గొంతు మారింది' అని పంపినాడు. 'జలుబు' అన్నా."

నిమిషానికో చుక్క. అందులో గొంతేముంటుంది? అవతల నొక్కేది ఎవరి చెయ్యో కూడా తెలీదు. తెలిసే వీలు లేదు.

"ఏమన్నాడు?"

"ఏమన్లా. మర్నాడు ఊరి పేరు ఒక్కటే వచ్చింది. ఆ పక్కరోజు 'మిరియాలు వాడు' అని."

నేను నవ్వాను. నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఊరి పేరు ఒక్కటే పంపిన ఆ రోజు నాకు గుర్తుంది. పెదనాయన అన్నం తినలేదు. ఎందుకని అడిగితే ఎండ అన్నాడు.

"మరి నువ్వెందుకు వచ్చావక్కా? రావద్దన్నాను కదా."

"అందుకే వచ్చినా! నేనెప్పుడు వస్తానన్నా? ముసలాయనకు మతి పోయిందో, ఒళ్ళు బాలేదో, చివరిసారి నిజం చెప్పి పోదామని వచ్చినా. అయినా దారి బాగాలేదని వద్దంటే ఎవురికైనా రావాలనిపించదా?"

"బుధవారం వస్తాను అన్నావు."

"బుధవారం నాకు జొరం. మిషను ముట్టుకోనే లేదు. చూసుకో."

పుస్తకం విప్పింది. రెండు స్టేషన్ల వాళ్ళు కలిస్తే ముందు లాగ్‌బుక్కులు సరిచూడాలి, మంచినీళ్ళైనా తర్వాతే; అది మా వాళ్ళ ఆచారం. బుధవారం గడి ఖాళీగా ఉంది.

పెన్ను గీసిన కాగితం నా దగ్గరుంది. మూడక్షరాలు. ఎవరూ పంపనివి.

"పాతగాలి," అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది. "తేదీ లేదు. వాళ్ళు వెయ్యరు కదా."

ఆదెమ్మ అత్త చేతిరాతలో ఉన్న పేజీలు వెనక్కి తిప్పుతూ పోయింది. చాలాసేపు. ఏడేళ్ళ వెనక్కి పోయి ఒకచోట వేలు ఆపింది. పెన్సిల్ రాత. పంపింది: వస్తాను. ఆ పేజీలో ఇంకేమీ లేదు.

నేను పలకల గూటి దగ్గరికి వెళ్ళాను. తేదీ పట్టుకుని వెతికాను. దుమ్ము తుడిచాను. మేకుతో గీసిన పెదనాయన రాత.

నమోదు 1462. పంపింది: ఇక్కడికి వస్తావా. ఇద్దరం ఉందాం.

సరిగ్గా పన్నెండు. ఒక్కటి కూడా మిగల్చలేదు.

నమోదు 1463. విన్నది: లేదు. పంపింది: లేదు. తీగ మీద తడి దుప్పటి.

నమోదు 1464. విన్నది: గాలి ఎక్కువ. పంపింది: ఇక్కడ ఎండ.

అంతే. ఆమె సరేనంది; తడి దుప్పటి శ్రుతి చంపిన తీగకు ఆ మాట అందలేదు, ఇటునుంచి ఆమెకు ఉలుకూ పలుకూ లేదు. సిగ్గుపడి మర్నాడు గాలి గురించి మాట్లాడింది. ఆయన ఆ గాలినే జవాబు అనుకున్నాడు. 'ఏమన్నావు' అని అడగొచ్చు. నాలుగక్షరాలు. పన్నెండులో నాలుగు. ఆ తర్వాత రెండు వేల రోజులకు పైగా మాట్లాడుకున్నారు, ఆ నాలుగూ అడగలేదు.

"ఎవురా దుప్పటి ఆరేసిన పుణ్యాత్మురాలు?" అంది ఆదెమ్మ.

నేను పెరట్లో దండెం వైపు చూశాను. ఏడేళ్ళ కిందట ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన ఆ కొయ్యలు పాతుతున్నాడు. నాకప్పుడు పదహారేళ్ళు. దండెం దేనికని అడిగితే, 'నీకేనమ్మా, నీ చెయ్యి తీగ దాకా సాచక్కర్లేకుండా' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ ముందురోజు నా దుప్పటి పచ్చది, బరువైనది, పెరట్లో జాగా లేక...

"నేను," అన్నాను.

వలీ మామ గోడ వైపు తిరిగాడు. ఆదెమ్మ సంచిలోంచి ఎండుచేపల పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"పిల్లది దుప్పటి ఆరేసింది. అడగనిది ముసలాయన, మళ్ళీ చెప్పనిది మా అత్త. ఇద్దరికీ నోళ్ళున్నయి." ఆగింది. "మా అత్త చివరి దాకా తలగడ కింద ఒక కొత్త చీర పెట్టుకోనుంది. దేనికత్తా అంటే, ఊరికెళ్ళడానికి అనేది. ఏ ఊరికో చెప్పలా. దాంతోనే పంపించినాం."

నేను జోకు వెయ్యడానికి ప్రయత్నించాను. ఏదీ రాలేదు.

నమోదు 4118. శుక్రవారం, పొద్దుపొడుపు.

రాత్రంతా ఒకే విషయం తొలిచింది. ఆమె సరే అన్నది ఏడేళ్ళు ఆలస్యంగా అందింది. దానికి ఆయన పేరు మీద నేను రావద్దన్నాను. ఆ మాట ఇప్పుడు పైన ఎక్కడో ఉంది. ఆకాశం దాన్ని ఎన్నేళ్ళకు, ఏ ఒడ్డున దించుతుందో తెలీదు. అక్కడ ఎవరు వింటారో తెలీదు. వినేవాళ్ళు ఉంటారా అని నేను అడగను. 'గొంతు మారింది' అన్న మనిషి ఇంట్లో కూర్చుని అలాంటివి అడగకూడదు.

ఆదెమ్మను లేపాను. రెండు స్టేషన్ల ఆపరేటర్లూ ఒకే గదిలో ఉన్నారు. కొత్తపట్నంలో ఇప్పుడు మనిషి లేడు. ఆమె వంతు సమయంలో పెన్ను తిన్నగా నడిచింది. ఇద్దరం చూశాం. ఏమీ గియ్యలేదు. గియ్యనందుకు దిగులేసిందో, బతికిపోయామనిపించిందో ఇక్కడ రాయను.

మా వంతు వచ్చింది. ఊరి పేరు పంపాను.

"పాతగాలికి జవాబివ్వకూడదని ఉందక్కా నిబంధనల్లో."

"దొంగ పేర్లతో కూచోకూడదని గూడా ఉంది," అంది. "జరుగు, పక్కన కూచుంటా. నేను అత్త తరఫున్నించి వచ్చినా, నువ్వు ఆయన తరఫు. పిలవాల్సింది నువ్వు. నేను టైము చూస్తా."

మీట మీద చెయ్యి పెట్టాను. ట్యూబ్‌లైటు వెలిగింది. తెల్లగా, చల్లగా, వైరు లేకుండా. ఆదెమ్మ మెల్లగా నిమిషాలు లెక్కపెట్టింది. ఒకే ఒక్క అక్షరం. వెలుగు ఆరాక కూడా గోడ మీద కాసేపు ఉన్నట్టే అనిపించింది.

"ఇంకా పదకొండున్నయి," అంది.

"ఉండనీ. ఆమె తొమ్మిది వదిలింది. మేం పదకొండు వదుల్తాం."

తర్వాత మిద్దె ఎక్కాను.

పంపింది: రా.
విన్నది: ఇంకా లేదు.
తీగ మీద ఏమీ లేదు. రెండుసార్లు చూశాను.